గాయం తర్వాత మొదటి మారథాన్: అదే తేదీకి ఫుల్లా, రన్-వాకా, హాఫా, వాయిదానా?

లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం చేసే పరుగు) 16 కిలోమీటర్లకో 20కో చేరాక కాలు మొరాయించింది. కొన్ని వారాలు పరుగు ఆపేశారు. ఇప్పుడు నొప్పి తగ్గుతోంది, కానీ రేసు తేదీ దగ్గరపడుతోంది. ఈ దశలో ఉన్నవారికి దారులు నాలుగు: అనుకున్న తేదీకే 42.195 కిలోమీటర్లూ పరుగెత్తడం, అదే తేదీకి నడకా పరుగూ కలిపి పూర్తి చేయడం, అదే రోజు హాఫ్ మారథాన్‌కు మారడం, లేదా మారథాన్‌ను వచ్చే సీజన్‌కు వాయిదా వేయడం.

నా మొదటి మారథాన్ ముందు నేనూ ఇక్కడే ఆగిపోయాను. అకిలీస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) నొప్పితో 7 వారాలు పోయాయి. ఆ వారాల్లో సైకిల్ తొక్కాను కాబట్టి దమ్ము నిలిచింది. తిరిగి మొదలుపెట్టిన రెండో వారానికే 10 కిలోమీటర్లు తేలిగ్గా అనిపించాయి. అదే నన్ను మోసం చేసింది. మూడో వారంలో మడమ మళ్లీ పట్టేసింది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే దారిలో పడతాయి. టెండన్‌కూ ఎముకకూ నెలలు కావాలి. అందుకే ఈ నాలుగు దారుల్నీ దమ్ముతో కాకుండా, కాలు ఏ వేగంతో బలపడుతుందో చూసి పోలుస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బతిన్నది ఏమిటన్నది. "కాలు నొప్పి" అన్న ఒక్క మాట కింద చాలా వేరువేరు సమస్యలు ఉంటాయి, వాటి గడువులూ వేరు.

ఎముక విషయంలో ఊహలకు తావు ఇవ్వకండి. వేలితో నొక్కితే ఒకే చోట గుచ్చినట్టు నొప్పి, ఒంటికాలిపై గెంతలేకపోవడం, పరుగులో దూరం పెరిగేకొద్దీ నొప్పి పెరగడం, రాత్రి పడుకున్నా సలపడం స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారంతో ఎముకలో వచ్చే సన్నని చీలిక) లక్షణాలు. మొదట్లో ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనిపించదు, ఎమ్మారైలో తెలుస్తుంది. తొడ ఎముక మెడభాగంలో, పాదం పైభాగంలోని నావిక్యులర్ ఎముకలో, మోకాలి కింది పెద్ద ఎముక ముందు అంచున వచ్చేవి ప్రమాదకరమైనవి. సరిగా మానకపోతే పూర్తిగా విరగవచ్చు, సర్జరీ దాకా వెళ్లవచ్చు. గజ్జల్లో లోతుగా నొప్పి వస్తూ, బరువు వేస్తే పెరుగుతుంటే ఇది చదవడం ఆపి డాక్టర్‌ను కలవండి. పాదం వేళ్ల వెనక ఉండే సన్నని ఎముకల్లో, మోకాలి కింది ఎముక లోపలి అంచున వచ్చేవి కొంత నయం. అవి ఎక్కువగా 6 నుంచి 8 వారాల్లో మానతాయి. మానడం అంటే పరుగు మొదలుపెట్టడానికి అనుమతి దొరకడం మాత్రమే, మారథాన్‌కు సిద్ధం కావడం కాదు.

అదే లోపలి అంచున నొప్పి ఒక చోట కాకుండా నాలుగైదు వేళ్ల పొడవున పరుచుకుని ఉంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్. ఎముక మీద భారం ఎక్కువవుతోందని అప్పుడే గ్రహించాలి.

టెండన్ నొప్పి తీరు వేరు. పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటుంది, కాస్త నడిస్తే సడలుతుంది, పరుగు మొదట్లో నొప్పి పెట్టి మధ్యలో మాయమై, మర్నాడు పొద్దున మళ్లీ వస్తుంది. మధ్యలో మాయమవుతుంది కాబట్టే చాలామంది తగ్గిందనుకుంటారు. అరికాలి ప్లాంటార్ ఫేషియైటిస్‌దీ ఇంచుమించు ఇదే దారి, మంచం దిగి వేసే మొదటి అడుగు ప్రాణం తీస్తుంది. ఈ రెండూ మొండివి, కానీ కొద్దిపాటి నొప్పితో శిక్షణ సాగించే వీలు వీటిలో ఉంటుంది.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు తెలుస్తుంది. మోకాలి బయటి పక్కన పట్టేసే ఐటీ బ్యాండ్ (తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కన సాగే పట్టీ) నొప్పి దాదాపు ప్రతిసారీ అదే దూరానికి వస్తుంది, దిగువకు పరుగెత్తితే ఇంకా తొందరగా. ఈ రెండూ తుంటి, తొడ కండరాలకు బలం చేకూరిస్తే బాగా దారికొస్తాయి.

రెండోది వారాల లెక్క. ఇవాళ్టి నుంచి లెక్కపెట్టకండి. 30 నిమిషాలు ఆగకుండా నెమ్మదిగా పరుగెత్తి, ఆ తర్వాతి పొద్దున కూడా కాలు బాగుంటే, ఆ రోజు నుంచి లెక్క మొదలు. నాకు రేసుకు 15 వారాలు ఉందనిపించినప్పుడు ఈ లెక్కన నిజంగా ఉన్నది 10.

మూడోది గాయానికి ముందు మీ స్థాయి. ఏడాదిగా వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తినవారి కాళ్లకూ, మూడు నెలల క్రితం మొదలుపెట్టినవారి కాళ్లకూ ఒకే సలహా పనికిరాదు. నాలుగోది రేసు నిబంధనలు: కటాఫ్ (రేసు పూర్తి చేయాల్సిన గరిష్ఠ సమయం) ఎన్ని గంటలు, హాఫ్‌కు మార్చుకోనిస్తారా, బిబ్‌ను (రేసు నంబరును) వచ్చే ఏడాదికి మార్చడానికి ఆఖరి తేదీ ఏది. ఈ నాలుగోది ఈరోజే చూసి పెట్టుకోండి, ఆ గడువులు చాలాసార్లు మనం అనుకునేదానికన్నా ముందే ముగుస్తాయి.

నాలుగు దారులు, ఒక చూపులో

కింది వారాలన్నీ పైన చెప్పిన 30 నిమిషాల పరుగు రోజు నుంచి. ఇవి మొదటిసారి మారథాన్‌కు వెళ్లేవారి కోసం నేను వేసుకున్న లెక్క.

| | అదే తేదీకి ఫుల్ | అదే తేదీకి రన్-వాక్ | హాఫ్‌కు మారడం | వాయిదా |
|---|---|---|---|---|
| కావాల్సిన వారాలు | 18 | 14 నుంచి 16 | 9 లేదా 10 | గడువు లేదు |
| అతి పెద్ద లాంగ్ రన్ | 30 కి.మీ. | 26 నుంచి 28 కి.మీ. | 18 కి.మీ. | కాలు చెప్పినంత |
| ఎముక గాయమైతే | వద్దు | వద్దు | డాక్టర్ ఒప్పుకుంటేనే | ఇదే |
| టెండన్ గాయమైతే | వారాలుంటే సరే | బాగా కుదురుతుంది | బాగా కుదురుతుంది | పదేపదే తిరగబెడుతుంటే |
| మోకాలి నొప్పి అయితే | వారాలుంటే సరే | బాగా కుదురుతుంది | బాగా కుదురుతుంది | అరుదుగా అవసరం |
| పోగొట్టుకునేది | తప్పుకు చోటు ఉండదు | కొంత టైమింగ్ | "మారథానర్" అన్న పేరు, ఇప్పటికి | ఒక సీజన్ |

అదే తేదీకి ఫుల్

18 వారాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూపిస్తాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు లాంగ్ రన్ 8 కిలోమీటర్లు అనుకుందాం. వారానికి 2 కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తే వరస ఇలా ఉంటుంది: 8, 10, 12, 9, 14, 16, 18, 13, 20, 22, 24, 17, 26, 28, 30. ఇక్కడికి 15 వారాలు. దీనికి 3 వారాల టేపర్ (రేసు ముందు పరుగు తగ్గించే దశ) కలిపితే 18. ఇందులో జ్వరానికి, ప్రయాణానికి, నొప్పి తిరగబెట్టే ఒక్క వారానికి కూడా చోటు లేదని గమనించండి. మీ చేతిలో 12 వారాలే ఉంటే ఈ వరసలో ఏదో ఒకటి ఎగరగొట్టాలి. ఎక్కువమంది ఎగరగొట్టేది ఆ తగ్గించే వారాల్నే, కాలు బలపడేది మాత్రం సరిగ్గా ఆ వారాల్లోనే.

వారానికి 10 శాతానికి మించి పెంచకూడదన్న నియమం అందరూ చెబుతారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త రన్నర్ల మీద జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, నెమ్మదిగా పెంచిన బృందానికీ మామూలు బృందానికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఆ అంకెను రక్షణ కవచంలా నమ్ముకోవద్దు. నేను ఎక్కువగా భయపడేది ఒకే పరుగులో వచ్చే పెద్ద గంతుకు: మొన్నటిదాకా 12 పరుగెత్తి, ఈ ఆదివారం హుషారుగా 18 చేసేయడం.

గాయం నుంచి లేచి గెలిచినవారి కథలు ఈ దారిలోకి లాగుతాయి. అమెరికా రన్నర్ జోన్ బెనోయిట్‌కు 1984 ఏప్రిల్‌లో మోకాలికి ఆర్థ్రోస్కోపిక్ (చిన్న గాటుతో చేసే) సర్జరీ అయింది. 17 రోజులకే, మే 12న అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ మారథాన్ గెలిచారు. ఆగస్టు 5న లాస్ ఏంజెలస్‌లో, ఒలింపిక్స్‌లో మహిళలకు పెట్టిన తొలి మారథాన్ కూడా గెలిచారు. అద్భుతమైన విషయమే. అయితే అంతకు ముందు ఏడాదే బోస్టన్‌లో 2:22:43తో మహిళల ప్రపంచ అత్యుత్తమ టైమింగ్ సాధించిన కాళ్లవి. మొదటి మారథాన్‌కు వెళ్లే మన కాళ్ల వెనక అన్నేళ్ల పరుగు ఉండదు.

18 వారాలూ నిజంగా ఉండి, ఎముక గాయం కాకపోతే ఈ దారి తీసుకోండి. టైమింగ్ లక్ష్యం మాత్రం వదిలేయండి.

అదే తేదీకి రన్-వాక్

నలుగురికీ అంతగా నచ్చని దారి ఇది, నాకు మాత్రం చాలా ఇష్టం. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే ఆ దశాబ్దంలోనే దీన్ని మామూలు రన్నర్లకు నేర్పడం మొదలుపెట్టారు. అలసిపోయాక నడవడం కాదు. మొదటి కిలోమీటరు నుంచే గడియారం చూసి నడవాలి.

ఎంత టైమ్ పోతుందో లెక్క వేద్దాం. మీ ఈజీ పేస్ (తేలిగ్గా పరుగెత్తే వేగం) కిలోమీటరుకు 7 నిమిషాలు, చురుకైన నడక కిలోమీటరుకు 10 నిమిషాలు అనుకోండి. 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక చొప్పున వెళ్తే సగటున కిలోమీటరుకు 7 నిమిషాల 27 సెకన్లు పడుతుంది. మొత్తం సుమారు 5 గంటల 14 నిమిషాలు. అసలు నడవకుండా అదే పేస్ ఆఖరిదాకా నిలబెడితే 4 గంటల 55 నిమిషాలు. తేడా 19 నిమిషాలే. మొదటిసారి పరుగెత్తేవారు 30 కిలోమీటర్ల తర్వాత పేస్ నిలబెట్టడం ఎంత కష్టమో తలచుకుంటే ఆ తేడా ఇంకా చిన్నదవుతుంది.

మోకాలి నొప్పికి, టెండన్‌కు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఒకే కదలిక గంటల తరబడి ఎడతెగకుండా సాగదు. ఎముక గాయానికి మాత్రం ఇది మందు కాదు. నడక విరామాలు దూరాన్ని తగ్గించవు, 42 కిలోమీటర్ల అడుగులన్నీ ఆ ఎముక మీదే పడతాయి. ఇంకో చిక్కు కటాఫ్. అది 6 గంటలైతే పై లెక్కలో 46 నిమిషాలు మిగులుతాయి. మీ ఈజీ పేస్ 8 నిమిషాలైతే మిగిలేది చాలా తక్కువ, అప్పుడు రేసంతా టెన్షనే.

హాఫ్‌కు మారడం

పైన రాసిన వరసలోనే చూడండి: ఏడో వారానికి 18 కిలోమీటర్లు, ఎనిమిదో వారం తేలిక. తొమ్మిదో వారమో పదో వారమో 21.1 కిలోమీటర్లు చేయవచ్చు. పైగా చేసిన పనేదీ వృథా కాదు, ఒకటి రెండు వారాలు తేలిగ్గా గడిపి అక్కడి నుంచే ఫుల్‌కు కొనసాగవచ్చు. చేతిలో 9 నుంచి 13 వారాలున్న చాలామందికి నేను చెప్పేది ఇదే.

దీనికి అడ్డొచ్చేది కాలు కాదు, మాట. ఫుల్ చేస్తున్నానని అందరికీ చెప్పేశాం కదా అనే ఇబ్బంది. నేనూ రెండు వారాలు దీని మీదే నిద్ర పాడుచేసుకున్నాను. మార్చుకున్నానని చెప్పినప్పుడు ఒక్కరు కూడా రెండో ప్రశ్న వేయలేదు.

ఒక జాగ్రత్త. దూరం సగమైంది కదా అని వేగంగా పరుగెత్తాలనిపిస్తుంది. వేగం పెరిగితే పిక్క మీద, అకిలీస్ మీద భారం బాగా పెరుగుతుంది. ఈ హాఫ్‌ను పెద్ద లాంగ్ రన్‌లా, మాట్లాడగలిగే పేస్‌లో చేయండి.

వాయిదా

స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలినవారికి, అదే గాయం ఏడాదిలో రెండోసారి వచ్చినవారికి, గాయం ఎందుకు వచ్చిందో ఇంకా తెలియనివారికి ఇదే సరైనది. కారణం తెలుసుకోవడమే ఇక్కడ అసలు పని. ఒక్కసారిగా దూరం పెంచారా, నిద్ర చాలడం లేదా, తినేది చేసే శ్రమకు సరిపోవడం లేదా? చాలినంత తినకుండా శిక్షణ చేస్తే హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నెలసరి ఆగిపోవడమో క్రమం తప్పడమో దీని స్పష్టమైన సూచన. అది "బాగా ట్రైనింగ్ చేస్తున్నాను" అనడానికి గుర్తు కాదు. అలా జరుగుతుంటే రేసు విషయం పక్కన పెట్టి ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

వాయిదాలోని ప్రమాదం, తేదీ పోగానే వ్యాయామాలూ పోవడం. వారానికి రెండు మూడు సార్లు పిక్కలు, తుంటి, తొడలకు బరువులతో వ్యాయామం చేయడానికి ఇంత మంచి సమయం మళ్లీ దొరకదు.

పరుగు లేని వారాల్లో ఏది ఎంచుకోవాలి

పైన ఏ దారి తీసుకున్నా ముందు ఈ వారాలు దాటాలి. పూర్తిగా మానేసి కూర్చుంటే ఏమవుతుందో 1984లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది: బాగా శిక్షణ పొందిన అథ్లెట్లు అన్నీ ఆపేస్తే 3 వారాల్లో వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం (దమ్ముకు కొలత) సుమారు 7 శాతం తగ్గింది. భయపడాల్సినంత కాదు, తిరిగి వచ్చేదే. కాబట్టి ఏం చేయాలన్నది దమ్ము కోసం కన్నా గాయాన్ని బట్టి నిర్ణయించుకోండి.

లోతు నీళ్లలో పరుగు పరుగుకు అన్నిటికన్నా దగ్గరిది. నడుముకు తేలే బెల్టు కట్టుకుని, పాదం అడుగుకు తగలకుండా పరుగెత్తినట్టే కాళ్లు కదిపితే, శిక్షణ ఉన్న రన్నర్లు 4 నుంచి 6 వారాలు తమ దమ్ము నిలుపుకున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. ఎముక గాయం ఉన్నవారికి, డాక్టర్ సరేనన్నాక, ఇదే నా మొదటి ఎంపిక. నీళ్లలో గుండె వేగం కాస్త తక్కువగా చూపిస్తుంది కాబట్టి వాచ్‌ను కాకుండా ఆయాసాన్ని నమ్ముకోండి. విసుగు పుట్టించే పనే, అందుకే 2 నిమిషాలు గట్టిగా, 1 నిమిషం నెమ్మదిగా అని ముక్కలు చేసుకోండి.

సైకిల్ షిన్ స్ప్లింట్స్‌కు, అరికాలికి మంచిది. మోకాలి చిప్ప నొప్పి ఉంటే సీటు ఎత్తు సరిచూసుకోండి, సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువ వంగి నొప్పి పెరుగుతుంది. ఐటీ బ్యాండ్ నొప్పిని సైకిల్ కూడా రేపవచ్చు. ఎలిప్టికల్‌లో (పెడల్స్ మీద నిలబడి నడిచినట్టు తొక్కే జిమ్ యంత్రంలో) పాదం నేల మీద మోదుకోదు గానీ ఒంటి బరువు కాలి మీదే ఉంటుంది, కనుక ఎముక మానే తొలి వారాల్లో వద్దు. ఈత ఊపిరికి మంచిదే, కాళ్లకు పెద్దగా పని ఉండదు.

టెండన్‌కు మాత్రం పూర్తి విశ్రాంతి నష్టం చేస్తుంది. భారం లేకపోతే అది ఇంకా బలహీనపడి, పరుగు మొదలుపెట్టగానే మళ్లీ నొప్పి పెడుతుంది. మడమలు ఎత్తి నెమ్మదిగా దించే వ్యాయామాన్ని 12 వారాల పాటు చేయించే పద్ధతి 1998 నుంచి వాడుకలో ఉంది. నాకు పనిచేసింది అదే, కానీ తేడా తెలియడానికి ఆరో వారం దాకా పట్టింది.

మళ్లీ పరుగు ఎప్పుడు

30 నిమిషాలు చురుగ్గా నడిచినా నొప్పి రాకూడదు. ఒంటికాలిపై మడమ ఎత్తడం రెండు కాళ్లకూ దాదాపు సమానంగా, 20 దాకా చేయగలగాలి. ఆ తర్వాత 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడకతో, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. అడుగుల సంఖ్యను నిమిషానికి 5 నుంచి 10 శాతం పెంచి అడుగు పొడవు కాస్త తగ్గిస్తే మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గుతుంది.

నొప్పికి 10కి మార్కులు వేసుకోండి. టెండన్ అయితే 3 దాకా ఉన్నా, మర్నాడు పొద్దునకల్లా మామూలైతే సాగించవచ్చు. ఎముక అయితే 0 మాత్రమే. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవద్దు. ఆ మార్కులు తెలియకుండా పోవడమే కాక, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు హాని చేస్తాయి. రేసుకు ముందు టెండన్‌కు స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వద్దనే అంటాను. నొప్పి చల్లబడుతుంది గానీ టెండన్ తెగే ప్రమాదం పెరుగుతుంది.

మీరు ఎటువైపు

గాయానికి ముందు ఏడాదికి పైగా క్రమంగా పరుగెత్తినవారు, మోకాలి నొప్పితో 3 వారాలే పోగొట్టుకున్నవారు పట్టికలో రాసినదాని కన్నా రెండు మూడు వారాలు తక్కువ ఉన్నా రన్-వాక్‌తో ఫుల్‌కు వెళ్లవచ్చు. పరుగు మొదలుపెట్టి ఆరు నెలలు కూడా కానివారు వారాలున్నా ముందు హాఫ్ చేయండి. 50 దాటాక మొదలుపెట్టినవారు లాంగ్ రన్‌ను నాలుగో వారం బదులు ప్రతి మూడో వారం తగ్గించండి, అంటే 18 వారాలు 20 అవుతాయి. స్నేహితులతో కలిసి ఆ రోజు అక్కడ ఉండటమే ముఖ్యమైనవారికి హాఫ్‌లో ఏ లోటూ ఉండదు.

ఎటూ తేలనివారు ఒక పని చేయండి. రేసుకు సరిగ్గా 8 వారాల ముందు రోజును తేల్చే రోజుగా రాసిపెట్టుకోండి. నిర్వాహకుల గడువు అంతకన్నా ముందుంటే ఆ గడువు రోజునే. ఆ రోజుకు లాంగ్ రన్ 20 కిలోమీటర్లు దాటి, మర్నాడు పొద్దున మెట్లు మామూలుగా దిగగలిగితే ఫుల్, రన్-వాక్‌లో. దాటకపోతే హాఫ్. నడిచినా నొప్పి ఉంటే వాయిదా. నా తేల్చే రోజున లాంగ్ రన్ 14 దగ్గర ఉంది. అదే సాయంత్రం హాఫ్‌కు మార్చుకున్నాను, మర్నాడు మడమల వ్యాయామం యథావిధిగా చేశాను.